రెండు కార్డుల్లో ఒకటి

షాపువాడు గాజు బల్ల మీద మూడు మెమరీ కార్డుల ప్యాకెట్లు వరసగా పేర్చి, పేకాట రాయుడిలా వాటి మీద చెయ్యి తిప్పాడు.

"ఇది కంపెనీది. ఇదీ కంపెనీదే, కాస్త పాత మోడలు. ఇక ఇదుందే..." అని మూడోదాన్ని వేలితో ముందుకు తోశాడు. "ఇది మీలాంటి పెద్ద స్టూడియోవాళ్లకి కాదులెండి. ఊరికే చూపిస్తున్నా."

"ఎందుక్కాదు?" అన్నాడు బావ వెంటనే.

బుజ్జమ్మకి అక్కడే పని అయిపోయిందని అర్థమైంది. నీకు వద్దులే అంటే చాలు, బావకి అదే కావాలి. అయినా ఆమె ఆ ప్యాకెట్టు తీసుకుని వెలుతురుకి పెట్టి చూసింది. అచ్చు అలుక్కుపోయినట్టుంది. నూట ఇరవై ఎనిమిది అన్న అంకె మాత్రం ఇంత లావున వేశారు. రాసే వేగం ఎంతో చెప్పాల్సిన చోట ఏదో గీత తప్ప ఏమీ లేదు.

"బావా, ఇది వద్దు. ఆ కంపెనీవి అరవై నాలుగువి రెండు తీసుకుందాం. ఒకటి మొరాయిస్తే ఇంకోటి చేతిలో ఉంటుంది."

"అరవై నాలుగులు రెండు కలిపితే ఎంత?"

"నూట ఇరవై ఎనిమిది."

"ఇదెంత?"

"అంతే అనుకో. కానీ..."

"మరింకేం? అదే సరుకు సగం ధరకి వస్తుంటే కానీ ఏంటి, అర్ధణా ఏంటి?" అని బావ షాపువాడి వైపు తిరిగి నవ్వాడు. "మా మరదలికి నా డబ్బంటే మహా చులకనండీ. వాళ్లక్కయ్యే నయం, అడిగి ఖర్చు పెడుతుంది."

షాపువాడు నవ్వాలి కాబట్టి నవ్వాడు. బుజ్జమ్మ నవ్వలేదు. "మన దగ్గరున్నవి రెండే. రెండూ పాతవి. రోజుకి రెండు మూడు పనులు ఒప్పుకుంటున్నావు, మధ్యలో స్టూడియోకి వచ్చి కాపీ చేసుకునే తీరిక ఉండట్లేదు. అందుకని చెప్తున్నా."

"అందుకేగా పెద్దది కొంటున్నాను," అన్నాడు బావ, వాదన ముగిసినట్టు జేబులో చెయ్యి పెడుతూ.

బిల్లు కావాలా అని షాపువాడు అడిగితే, మన మధ్య బిల్లేంటన్నాడు బావ. పాడైతే తెచ్చేయండి, మార్చి ఇంకోటిస్తానన్నాడు వాడు. బయటికి వచ్చాక బుజ్జమ్మ ప్యాకెట్టు చింపి, ఆ కార్డుని తన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మూడో అరలో పెట్టింది. మొదటి రెండు అరల్లో పాత కార్డులు ఉన్నాయి. ఒకదాని మీద తెల్ల స్టిక్కరు అంటించి ఉంది. ఇంకోదాని మూల పెచ్చు లేచింది. ఏది ఏదో చీకట్లో తడిమి కూడా చెప్పగలదు.

ఆ శుక్రవారం రెండు పనులు పడ్డాయి. పొద్దున ఒక ఆఫీసులో పదవీ విరమణ వీడ్కోలు సభ, సాయంత్రం కార్ల షోరూమ్ ప్రారంభం. ముందు రోజు ఒక బిల్డరు కట్టిన కొత్త ఫ్లాట్లు తీసింది. స్టిక్కరు కార్డు దాంతో నిండింది. కాపీ చేద్దామంటే, లాప్‌టాప్‌లో బావ ఏదో ఆల్బమ్ పని పెట్టుకుని, రేపు చూద్దాంలే అన్నాడు. "కొత్తదాన్ని షోరూమ్‌కి ఉంచు. అక్కడ రెండు గంటల వీడియో ఉంది. పొద్దుటిదానికి ఆ పెచ్చు లేచింది చాలు."

వీడ్కోలు ఆ ఆఫీసు లిఫ్టు ఆపరేటర్‌ది. స్టూడియోకి వచ్చి మాట్లాడుకుని, అడ్వాన్సు ఇచ్చి వెళ్లింది ఆఫీసువాళ్లు కాదు, ఆయనే. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. ఎవరైనా గదిలోకి రాగానే అలవాటుగా ఓ పక్కకి జరిగి దారిస్తాడు. "అందరం కలిసి ఉన్నది ఒకటి మాత్రం పెద్దది కావాలమ్మా," అని అప్పుడే చెప్పాడు. "మా ఆవిడ రాలేదు. మోకాళ్లు. ఇంట్లో చూపించుకోవాలి."

సభ కింది హాల్లో జరిగింది. కేకు కోశారు. గోడ గడియారం ఒకటి బహుమతిగా ఇచ్చారు. పెద్ద ఆఫీసరు ఆలస్యంగా వచ్చి, మాట్లాడబోయే ముందు పక్కనున్న గుమాస్తా చెవిలో ఏదో అడిగాడు. గుమాస్తా చెప్పిన పేరు విని, ఆ పేరుతో మొదలుపెట్టి, క్రమశిక్షణ గురించి చెప్పి కూర్చున్నాడు. బుజ్జమ్మ అన్నీ తీసింది. మాటలు వీడియో కూడా తీసింది. అంతా అయ్యి జనం ప్లేట్లు పట్టుకుని చెదిరిపోతుంటే లిఫ్టు ఆపరేటర్ ఆమె దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అడగడానికి మొహమాటపడుతున్నాడు.

"గ్రూపు ఫోటోనా? పదండి," అంది ఆమె.

హాల్లో వెలుతురు బాగాలేదు. బయట వెడల్పాటి మెట్లున్నాయి, నీడ సమంగా పడుతోంది. అందర్నీ అక్కడికి తోలింది. తోలిందనే అనాలి. ఒకాయన్ని భుజం పట్టి తిప్పింది, ఇంకో ఆవిడ చేతిలో ప్లేటు తీసి పక్కన పెట్టింది. పొడుగాయన్ని ఇంకో మెట్టు ఎక్కించింది. ఆఫీసరు తనంతట తాను మధ్యకి వచ్చి నిలబడితే, "సార్, ఒక్క అడుగు ఇటు" అని పక్కకి జరిపి, ఆ చోట్లో లిఫ్టు ఆపరేటర్‌ని నిలబెట్టింది. ఆయన నిలబడ్డాడు కానీ వెనక్కి వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

"ఇటు చూడండి."

"చూస్తున్నానమ్మా. వీళ్లంతా ఇన్నేళ్లూ నా వీపే చూశారు. బటన్ల ముందు నిలబడే ఉద్యోగం కదా. ఇంతమంది ఒక్కసారి నా పక్కన నిలబడటం..."

అంతలో ఆఫీసరు జేబులో ఫోను మోగింది. చెయ్యి జేబులోకి వెళ్తోంది. ఇక ఒక్క క్షణం ఆగితే వరస విరిగిపోతుందని బుజ్జమ్మ నొక్కేసింది. ఒక్కటే వచ్చింది. చిన్న తెర మీద పెద్దది చేసి చూస్తే ఎవరి కళ్లూ మూసుకుపోలేదు. ఫోకసు కూడా కుదిరింది. అది చాలనుకుంది.

షోరూమ్ ఊరి చివర పెద్ద రోడ్డు మీద ఉంది. చుట్టుపక్కల టైర్ల గోడౌన్లు తప్ప ఇంకేం లేవు. బస్సు దిగి ఆమె లోపలికి వెళ్లేసరికి ఎర్ర రిబ్బను కట్టేశారు, కత్తెర పళ్లెంలో సిద్ధంగా ఉంది. గాజు గోడల వెనక కార్లకి గుడ్డలు కప్పి, ఒక్కోదాని పక్కన ఒక్కో అమ్మాయిని నిలబెట్టారు. బుజ్జమ్మ ట్రైపాడ్ వేసి, కొత్త కార్డు కెమెరాలో పెట్టి, స్విచ్చి వేసింది.

కార్డు చదవడం కుదరటం లేదు అని కెమెరా చూపించింది.

తీసి, చీర కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టింది. అదే మాట. బ్యాటరీ తీసి వేసింది. అదే మాట. షోరూమ్ యజమాని దూరం నుంచి చేతి గడియారం చూపిస్తూ కనుబొమ్మలు ఎగరేశాడు. రెండు వేళ్లు చూపించి, రెండు నిమిషాలన్నట్టు సైగ చేసి, ఆమె గుడ్డలు కప్పిన కారు చాటుకి వెళ్లి బావకి ఫోను చేసింది.

"కొత్తది పనిచెయ్యట్లేదు బావా."

"సరిగ్గా పెట్టి చూడు."

"పెట్టాను. చచ్చింది అది. ఎవరితోనైనా ఇంకో కార్డు పంపించు."

"ఎవరున్నారిక్కడ? నేనొస్తే గంట పడుతుంది. పాత రెండూ నీ దగ్గరేగా?"

"రెండూ నిండే ఉన్నాయి. స్టిక్కరుదాంట్లో నిన్నటి ఫ్లాట్లు, రెండోదాంట్లో పొద్దుటి ఫంక్షను. వీడియోకి ఒక కార్డు పూర్తిగా కావాలి."

వెనక టీవీ మోగుతోంది. "పొద్దుటిది ఎవరిది?" అన్నాడు బావ.

ఎవరిదో ఆయనకి తెలుసు. ఆమె నోటితో చెప్పించాలని అడిగాడు. "లిఫ్టు ఆపరేటర్‌ది."

"దాన్ని ఫార్మాట్ చెయ్."

"బావా, ఫ్లాట్లు రేపు వెళ్లి మళ్లీ తీసుకొస్తాను. గోడలు ఎక్కడికీ పోవు. అక్కడ మనుషులు..."

"గోడలు పోవు, బిల్డరు పోతాడు! రేపు ఉదయానికి ఫోటోలు పంపుతానన్నాను. వాడు ఇంకా రెండు బిల్డింగులు కడుతున్నాడు, ఆ పనంతా మనకే ఇస్తానన్నాడు. ఆ షోరూమ్‌వాడు వాడికి తోడల్లుడు. ఇప్పుడు నువ్వు అక్కడ చేతులు ఊపుకుంటూ నిలబడితే మన అందరి పొట్టా కొట్టినట్టే. మీ అక్కకి నువ్వే చెప్పుకో."

అక్క మాట వచ్చేసరికి ఆమె ఆగిపోయింది. బావ ఎప్పుడూ ఆఖరున వాడే మాట అది. షోరూమ్ యజమాని ఈసారి స్వయంగా వచ్చాడు. "ఏమ్మా, మొదలెడదామా? మా చుట్టాలు ఎండలో నిలబడ్డారు."

"అయిపోయిందండీ, ఒక్క నిమిషం."

ఫోను పెట్టేసింది. డబ్బా తెరిచి రెండు కార్డుల వైపూ చూసింది. పెచ్చు లేచినదాన్ని తీసి కెమెరాలో పెట్టింది. అన్నీ చెరిగిపోతాయి, సరేనా అని కెమెరా అడిగింది. సరే అని నొక్కింది. అంతే. తర్వాత రెండు గంటలూ పని బాగా చేసింది. గుడ్డలు లాగుతుంటే కార్ల మీద వెలుతురు ఎలా జారుతుందో చూసుకుని, చోటు మార్చుకుంటూ తీసింది. బాగా వస్తోందని తనకే తెలుస్తోంది.

తిరుగు బస్సులో కూర్చున్నాక తట్టింది. ఒక్క ఫోటోకి తాళం వేసి, మిగతావన్నీ చెరిపేసే వీలుంది ఆ కెమెరాలో. నాలుగు మీటలు నొక్కితే చాలు. మెట్ల మీది ఆ ఒక్కటీ మిగిలేది, వీడియోకి చోటూ సరిపోయేది. ఈ సంగతి ఆమెకి కొత్త కాదు, ఎన్నోసార్లు చేసింది కూడా. కారు చాటున నిలబడ్డప్పుడు మాత్రం రాలేదు. రెండు కార్డుల్లో ఏదన్న గొడవే తప్ప, ఒక కార్డులో ఒక ఫోటో అన్న ఆలోచన రాలేదు.

స్టూడియోలో దిగగానే పోయిన ఫోటోలు వెతికే ప్రోగ్రామ్ పెట్టి ఆ కార్డుని గాలించింది. కార్లు వచ్చాయి. కార్లు, రిబ్బను, మళ్లీ కార్లు. వాటి కింద ఏమీ మిగల్లేదు.

సోమవారం లిఫ్టు ఆపరేటర్ స్టూడియోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఫోటోలు ఏరుకోవడానికని కళ్లజోడు తుడుచుకుని మరీ వచ్చాడు. బుజ్జమ్మ కంప్యూటరు ముందు ఉంది. బావ లేచి కుర్చీ వేసి, ఎప్పుడూ లేనంత మర్యాదగా కూర్చోమన్నాడు.

"ఒక పొరపాటు జరిగిందండీ. మనుషుల చేతిలో లేని పొరపాటు. కార్డు పాడైపోయింది." సొరుగులోంచి కొత్త కార్డు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. "ఇదుగో. ఇదే. మేమూ ఎంతో ప్రయత్నం చేశాం. అడగండి మా మరదల్ని."

ఆయన ఆమె వైపు చూశాడు. బుజ్జమ్మ తెర మీదికే చూస్తూ తలూపింది. తెర మీద బిల్డరు వాళ్ల ఖాళీ వంటగది ఉంది.

"ఒక్కటి కూడా రాలేదా?" అన్నాడాయన.

"రాలేదండీ. మీ అడ్వాన్సు మీకిచ్చేస్తాను. పైన ఇంకాస్త కలిపి ఇస్తాను. మేం అన్యాయం చేసేవాళ్లం కాదు."

"అబ్బే, మీరు మాత్రం ఏం చేస్తారు. మిషన్లంతే. మా లిఫ్టు కూడా అంతే, బాగానే ఉందనుకుంటాం, మధ్యలో ఆగిపోతుంది." ఆయనే బావని ఓదారుస్తున్నట్టు అన్నాడు. కార్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు. గోరంత ముక్క. "అయితే ఇందులో ఉన్నట్టేనా? లోపల?"

"ఉన్నట్టే. కానీ రావు."

"అయితే ఇది నాకిచ్చెయ్యండి. ఎవరైనా తీస్తారేమో చూపించుకుంటాను."

బావ మొహం మారింది. "అది మేం షాపులో మార్చు..." అనబోయి, ఆగి, దగ్గాడు. "తీసుకోండి. మీ ఇష్టం. తీసుకోండి."

ఆయన జేబులోంచి రుమాలు తీసి, కార్డుని అందులో పెట్టి, మూల మడిచి, మళ్లీ మడిచి, పై జేబులో పెట్టుకుని చేత్తో ఒత్తి చూసుకున్నాడు. డబ్బు తీసుకోవడానికి మాత్రం ఒక పట్టాన ఒప్పుకోలేదు.

ఆయన వెళ్లాక బావ కుర్చీలో వెనక్కి వాలాడు. "పాపం మంచివాడే. వేరేవాడైతే గోల చేసేవాడు."

"అందులో ఏమీ లేదు బావా. ఎప్పుడూ ఏమీ ఎక్కలేదు."

"తెలుసు. నాలుగు చోట్ల తిరిగి ఆయనే వదిలేస్తాడు."

ఆయన వదల్లేదు. బుధవారం మళ్లీ వచ్చాడు. బజార్లో రిపేరు షాపులన్నీ తిరిగాడట. ఒకతను అసలు ఇందులో ఏమీ రాసినట్టే లేదన్నాడట. "వాడికి పని తెలీదులెండి," అన్నాడు చెయ్యి ఊపేస్తూ. "ఇంకో ఊళ్లో ఒకాయన ఉన్నాడట. కాలిపోయిన కంప్యూటర్లలోంచి కూడా తీస్తాడట. ఖర్చవుతుంది, అవనీండి. ఆదివారం రైలుకి వెళ్దామనుకుంటున్నా. ఏ రోజు తీశారు, ఏ కెమెరాతో తీశారు, అవన్నీ ఆయనకి చెప్పాలట. ఓ కాగితం మీద రాసిస్తారేమోనని వచ్చాను."

బుజ్జమ్మ బావ మొహంలోకి చూసింది. ఇప్పుడైనా వద్దంటాడని చూసింది.

"రాసివ్వు అమ్మడూ," అన్నాడు బావ. "ప్రయత్నం చెయ్యడంలో తప్పేముంది? వస్తే మాకూ సంతోషమే కదండీ."

ఆమె రాసింది. తేదీ రాసింది, కెమెరా మోడలు రాసింది. కలం కాగితానికి గుచ్చుకుంటోంది. ఆయన ఆ కాగితాన్ని దూరంగా పెట్టి ఒకసారి చదువుకుని, చేతిరాత బాగుందని మెచ్చుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం బుజ్జమ్మ భోజనానికని చెప్పి బయటికి వచ్చి, ఆల్బమ్ పంపడానికి ఆయనిచ్చిన చిరునామా పట్టుకుని వెళ్లింది. పాత నాలుగంతస్తుల బిల్డింగు. ఆయన కింద నీళ్ల పంపు దగ్గర బకెట్ నింపుకుంటున్నాడు. లుంగీ, బనీను. ఆమెని చూసి కంగారుగా భుజాన ఉన్న తువ్వాలు తీసి ఒంటికి కప్పుకున్నాడు.

"ఏమ్మా, ఇలా వచ్చారు? దొరికాయా?"

ఎదురుగా ఆ ఆశ చూసేసరికి, దారి పొడుగునా పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. "రేపు రైలెక్కకండి," అంది. "ఆ కార్డులో మీ ఫోటోలు లేవు. ఎప్పుడూ లేవు. మీవి తీసిన కార్డు వేరే. దాన్ని నేనే చెరిపేశాను."

పంపు కారుతూనే ఉంది. బకెట్ నిండి పొర్లుతోంది. ఆయన వంగి పంపు కట్టేశాడు.

"ఎందుకమ్మా?"

"సాయంత్రం ఇంకో పనుంది. కార్ల షోరూమ్. కొత్త కార్డు పనిచెయ్యలేదు. చేతిలో రెండే ఉన్నాయి, రెండూ నిండే ఉన్నాయి. ఒకటి చెరపాల్సి వచ్చింది."

ఆయన తలూపాడు. లెక్క అర్థం చేసుకుంటున్నవాడిలా కాసేపు బకెట్ వైపే చూశాడు. "ఇంకోదాంట్లో ఏమున్నాయి?"

"ఫ్లాట్లు. అమ్మకానికి కట్టినవి."

"ఎవరైనా మనుషులున్నారా వాటిల్లో?"

"లేరండీ. ఖాళీ గదులు."

"ఊఁ," అన్నాడాయన.

తిడతాడేమో అనుకుని వచ్చింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. మీ బావ చెరపమన్నాడా అని అడిగినా బాగుండేది, అవునని చెప్పేది. ఆయన అడగలేదు. ఆ ఒక్క ఫోటో ఉంచేసే వీలుండిందన్న సంగతి ఆమె నాలుక చివరి దాకా వచ్చింది. అది మాత్రం చెప్పలేకపోయింది.

"బజార్లో రిపేరు షాపతను చెప్పాడు, అందులో ఏమీ ఎక్కలేదని," అన్నాడాయన చివరికి. "పని తెలియనివాడనుకున్నాను. మీ మాటే నమ్మాను."

"క్షమించండి. పైకొచ్చి అమ్మగారికి కూడా నేనే చెప్తాను."

ఆయన చప్పున తలెత్తాడు. వారం రోజుల్లో ఆమె ఆయన గొంతు గట్టిగా వినడం అదే మొదటిసారి. "వద్దు! ఆవిడకి ఈ మాట చెప్పొద్దు." మళ్లీ తగ్గించాడు. "మిషను పాడైందంటే సరే, దానికెవరేం చేస్తారు, ఏడ్చి ఊరుకుంటుంది. చెరిపేశారంటే ఎలా చెప్పనమ్మా? ఖాళీ గదులు ఉంచుకుని నన్ను చెరిపేశారని చెప్పనా? ముప్పొద్దులా ఆ ఆఫీసు గురించి గొప్పలు చెప్పుకున్నవాణ్ణి. ఆవిడ దగ్గరైనా కాస్త మిగలనివ్వండి."

పైనుంచి ఒక ఆడగొంతు పిలిచింది. "ఎవరండీ వచ్చింది?"

"ఫోటోలమ్మాయి!" అని ఆయనే పైకి కేకేశాడు. తర్వాత ఆమె వైపు చూశాడు. "కార్డు పాడైందని మీరే చెప్పండి. నేను చెప్తే ఆవిడకి నమ్మకం కుదరట్లేదు. మీరు చెప్తే నమ్ముతుంది."

బకెట్ ఆయన మోశాడు. ఆమె వెనకే మెట్లెక్కింది.

ఒకే గది, ఓ వంటిల్లు. భార్య మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మోకాళ్లకి ఉన్ని పట్టీలు. బహుమతి గడియారం ఎదురు గోడకి తగిలించి ఉంది. లోపలికి రాగానే ఆవిడ, "కూర్చో తల్లీ, నువ్వేనా?" అని మంచం మీదే చోటు చూపించింది.

బుజ్జమ్మ కూర్చుంది. కార్డు పాడైపోయిందని చెప్పింది. ఆవిడ ఎలా పాడైందని అడిగితే, వివరంగా చెప్పింది. లోపల సన్నటి రేకులుంటాయని, వేడికి ఒక్కోసారి కాలిపోతాయని, ముందే తెలుసుకునే దారి ఉండదని చెప్పింది. ఇంకో ఊరు వెళ్లినా లాభం లేదని చెప్పింది. బావ కంటే బాగా చెప్పింది. గుమ్మం దగ్గర నిలబడి ఆయన ఒక్కో మాటకీ తలూపుతున్నాడు.

"పోనీలే," అంది భార్య. కళ్లు తుడుచుకుంది. "నువ్వైనా కళ్లారా చూశావు కదా. ఎలా జరిగిందో చెప్పు. ఈయన చెప్తాడు కానీ, ఈయనకి చెప్పడం చేతకాదు."

"చాలామంది వచ్చారండీ. మెట్ల మీద అందర్నీ నిలబెట్టాను. మధ్యలో మీవారు. ఆఫీసరుగారు ఆయన పక్కన."

"పక్కనా? మధ్యలో ఈయనా?"

"ఈయనే."

ఆవిడ మొహం విచ్చుకుంది. భర్త వైపు తిరిగి, "చెప్పారు కాదేం?" అంది. మళ్లీ ఇటు తిరిగింది. "నవ్వాడా, అప్పుడు?"

బుజ్జమ్మ గుర్తు తెచ్చుకోబోయింది. పొడుగాయన మెట్టు గుర్తుంది. ఆఫీసరు చెయ్యి జేబులోకి వెళ్లడం గుర్తుంది. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయని చూసుకోవడం గుర్తుంది. మధ్యలో ఉన్న ఆ మొహం మాత్రం ఎంత తడుముకున్నా రావట్లేదు. అది ఫోటోలో ఉంటుంది కదా, తను గుర్తు పెట్టుకోవడం దేనికని వదిలేసింది.

"నవ్వారండీ," అంది. "బాగా నవ్వారు."

"హమ్మయ్య," అంది భార్య. "మా పెళ్లి ఫోటోలో కూడా మూతి బిగించుకునే ఉంటాడు ఈయన."

టీ తాగి వెళ్లమంటే, పనుందని లేచింది. ఆయన వరండా దాకా సాగనంపడానికి వచ్చాడు. ఆమె చెప్పులేసుకుంటుంటే, అలవాటు చొప్పున ఓ పక్కకి జరిగి దారిచ్చాడు.

"కెమెరా ఈ బ్యాగులోనే ఉందండీ," అంది ఆమె తలెత్తకుండా. "కావాలంటే ఇప్పుడు మీ ఇద్దరిదీ ఒకటి తీసిస్తాను."

"ఇప్పుడు తీస్తే ఇంట్లో కూర్చున్నవాడి ఫోటో వస్తుందమ్మా. అదెందుకు?"

ఆమె మొదటి మెట్టు దిగింది. వెనక నుంచి ఆయన, లోపలికి వినపడకుండా మెల్లగా అన్నాడు.

"నవ్వలేదమ్మా నేను. నవ్వుదామనే అనుకున్నాను. అంతలోకే మీరు నొక్కేశారు."

ఆమె వెనక్కి తిరిగేసరికి లోపల భార్య ఏదో పిలిచింది. ఆయన వస్తున్నానంటూ, తలుపు దగ్గరగా వేసుకుని వెళ్లిపోయాడు.